రబ్బరమ్మ చెరిపిన మాటలు

ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి భోజనాల బల్ల మీద బెత్తెడు చోటు దొరకడం గగనమైపోయింది. బల్ల నిండా బొమ్మల పుస్తకాలే. కిరీటాలు పెట్టుకున్న రాజులు, వాళ్ల చెవిలో ఊదే మంత్రులు, మీసాలు మెలేసే సేనాపతులు, వాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ జనం. అట్టలు చిరిగి, రంగులు వెలిసి, తిరగేస్తే పొడి రాలేంత పాతవి. రబ్బరమ్మ ఓ రాజుగారి మొహం మీద గ్లాసు పెట్టబోయి, కోడలు ఇటే చూస్తోందని గమనించి చెయ్యి వెనక్కి తీసుకుంది. నిలబడే కాఫీ తాగింది. తాగినంతసేపూ మూతి ముడుచుకునే ఉంది.

రబ్బరమ్మ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. ఉద్యోగకాలమంతా ఆవిడ ఓ బడి గ్రంథాలయంలో పనిచేసింది. పిల్లలు తిరిగిచ్చిన ప్రతి పుస్తకాన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి చూసేది. ఎక్కడ పెన్సిలు గీత కనిపించినా రబ్బరు తీసి పని మొదలుపెట్టేది. రాజుగారికి ఎవరైనా కళ్లజోడు పెట్టారో, ఏనుగుకి రెండో తొండం మొలిపించారో, సాయంత్రానికల్లా అవి మాయమైపోయేవి. అందుకని పిల్లలు ఆ పేరు పెట్టారు. పదవీ విరమణ రోజున ఓ చిన్న పెట్టెలో కొత్త రబ్బరు పెట్టి కానుకగా ఇచ్చారు కూడా. ఆవిడ దాన్ని బీరువాలో నగల పక్కన దాచుకుంది.

కోడలు విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం ప్రొఫెసరు. ఎన్నికల మీదా, చట్టసభల మీదా పుస్తకాలు రాసినంతకాలం రబ్బరమ్మకి ఆమె చదువంటే గౌరవమే. ఇరుగుపొరుగుతో గొప్పగా చెప్పుకునేది కూడా. ఎప్పుడైతే ఆ కోడలు పాత పుస్తకాల అంగళ్ల వెంట తిరిగి బొమ్మల పత్రికలు మోసుకురావడం మొదలుపెట్టిందో, అప్పటినుంచి ఆవిడకి తలకొట్టేసినట్టుగా ఉంది. ఓసారి చుట్టాలందరూ ఉండగా, "యాభై దగ్గరపడుతుంటే బొమ్మల పుస్తకాలేమిటమ్మాయ్, నీ దగ్గర చదువుకునే పిల్లలు నవ్వరూ?" అనేసింది. చుట్టాలు పగలబడి నవ్వారు. కోడలు కూడా నవ్వినట్టే చేసి, లోపలికి వెళ్లి చాలాసేపటికి గాని బయటికి రాలేదు.

ఆ రోజు నుంచి ఆమె తన పని గురించి ఇంట్లో పెదవి విప్పలేదు. మాటా మంచీ బాగానే నడిచేది. మందులు వేసుకున్నారా అత్తయ్యా అని అడగడం మానలేదు, ఎండగా ఉంది గొడుగు పట్టుకెళ్లమ్మాయ్ అని ఈవిడ చెప్పడమూ మానలేదు. కానీ బల్ల మీది పుస్తకాల ప్రసక్తి వస్తే మాత్రం ఇద్దరూ మాట దాటేసేవాళ్లు. ఇద్దరి మధ్యా ఉన్నవాడు రబ్బరమ్మ కొడుకు. నీళ్ల సరఫరా ఆఫీసులో ఇంజనీరు. ఊళ్లో ఏ గొట్టం ఎక్కడ పగిలినా ఇట్టే కనిపెడతాడని పేరుంది గాని, ఇంట్లో ఎప్పుడు ఏది పగిలినా పేపరు అడ్డం పెట్టుకోవడం ఒక్కటే అతనికి తెలిసిన విద్య.

ఆ రోజు కూడా పేపరు వెనకనుంచే, "అమ్మా, వచ్చేవారం నీ కోడలి ఉపన్యాసం. తెలుసా?" అన్నాడు. కోడలు అప్పటికే బయటికి వెళ్లిపోయింది.

"నాకెవరు చెబుతారు?" అంది రబ్బరమ్మ.

అతను ఆహ్వానపత్రం చూపించి సంగతంతా చెప్పుకొచ్చాడు. ఈ బొమ్మల పుస్తకాల చదువు రాజనీతి శాస్త్రమే కాదని వాళ్ల శాఖాధిపతి మొదటినుంచీ అడ్డుపుల్ల వేస్తున్నాడు. ఉపన్యాసం నాడు పిల్లలకి చాక్లెట్లు కూడా పంచుతారా అని అందరిలోనూ పరాచికాలాడాడట. ఆ రోజు పెద్దలందరి ముందూ ఆమె తన పరిశోధన రుజువు చేసుకోవాలి. ఒప్పిస్తే ఈ పుస్తకాలకి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఓ గది ఇస్తారు, పని సాగుతుంది. ఒప్పించలేకపోతే ఇన్నేళ్ల పనీ మూటకట్టి అటకెక్కించాల్సిందే.

రబ్బరమ్మకి ఆ శాఖాధిపతి ఎవరో తెలియదు. కానీ చాక్లెట్ల మాట వినగానే అరికాలి మంట నెత్తికెక్కింది. తన కోడల్ని తను ఒక మాట అంటే అన్నది గాని, దారినపోయే ప్రతివాడూ అనడానికి వీల్లేదు. చుట్టాల ముందు తను అన్న మాటా ఈ మాటా అన్నదమ్ముల్లాంటివే అన్న సంగతి కూడా గుర్తొచ్చింది. అది గుర్తొచ్చాక ఆవిడకి కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు.

"ఆ పుస్తకాలు అందరికీ చూపించాలా?" అని అడిగింది.

"చూపించాలి. అదిగో, ఆ అట్టపెట్టెలో విడిగా కట్టిపెట్టుకుంది. అవే ముఖ్యం అంటుంది."

కొడుకు ఆఫీసుకి వెళ్లాక రబ్బరమ్మ ఆ పెట్టె తెరిచింది. ఒకే వారపత్రిక, ఒకే సంచిక. ఎన్నో ప్రతులు. ఏ ప్రతి తెరిచినా అదే రాజు కథ, అదే పేజీలో పెన్సిలు రాతలు. కొన్ని కొక్కిరిబిక్కిరిగా, కొన్ని గుండ్రంగా, కొన్ని కాగితం చిరిగేంత గట్టిగా. ఇంత మురికి పుస్తకాలు పట్టుకుని ఈ పిల్ల పెద్దల సభకి వెళుతుందా అని ఆవిడ గుండె చివుక్కుమంది. నవ్వేవాళ్లకి వేరే సాకు అక్కర్లేదు, ఈ గీతలు చాలు.

బీరువా తెరిచి, నగల పక్కనుంచి ఆ కానుక రబ్బరు తీసింది. ఇన్నేళ్లుగా వాడకుండా దాచుకుంది, ఇంతకన్నా మంచి పని దానికి దొరకదు అనుకుంది.

రబ్బరమ్మ చెరిపే పద్ధతి చూడవలసిందే. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టేస్తుంది. ఎడమ అరచేతితో కాగితాన్ని నొక్కిపట్టి, రబ్బరుని ఒకే వైపుకి, ముగ్గుపిండి రాల్చినంత తేలిగ్గా కదుపుతుంది. మొండికేసిన మరకలకి రొట్టె ముక్క నలిపి అద్దుతుంది. పొట్టుని నోటితో ఊది, చివర మెత్తటి కుంచెతో తుడుస్తుంది. ఆవిడకి ఓ నియమం కూడా ఉంది. చెరుపుతున్నప్పుడు ఏం రాసిందీ చదవకూడదు. చదివితే నవ్వొస్తుంది, నవ్వితే జాలి కలుగుతుంది, జాలి కలిగితే చెయ్యి ఆగిపోతుంది. అందుకే ఆవిడ కళ్లకి అవి అక్షరాలు కావు, ఉత్త మరకలు.

కోడలు ఇంట్లో లేని మధ్యాహ్నాలన్నీ ఆ పనిలోనే గడిచాయి. నడుం పట్టేసింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. అయినా ఎన్నేళ్లకో ఆవిడకి ఒంట్లో ఉత్సాహం పుట్టింది. కోడలు పెట్టె తెరిచి, తెల్లబోయి, అత్తయ్యా మీరా ఇదంతా చేసింది అంటుందని, అప్పుడు తను ఏమీ ఎరగనట్టు మొహం పెట్టాలని, మనసులో ఎన్నోసార్లు ఆడి చూసుకుంది. ఆ రోజు అన్న మాటకి క్షమించమని నోటితో అడగడం ఆవిడకి చేతకాదు. చేత్తో అడగడం మాత్రం వచ్చు.

పని పూర్తయిన సాయంత్రం ప్రతులన్నీ బల్ల మీద వరసగా పేర్చి, కోడలు గడప దాటగానే పిలిచింది. "ఇలా రా అమ్మాయ్, ఓసారి చూడు."

కోడలు భుజాన సంచి దించకుండానే వచ్చి ఒక ప్రతి తెరిచింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత గబగబా అన్నీ తిరగేసింది. రబ్బరమ్మ ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి ఎదురుచూస్తోంది. కోడలి మొహంలో నెత్తురు చుక్క లేకపోవడం చూసి అప్పుడు భయపడింది.

"ఇక్కడ రాసి ఉన్నవి ఏమయ్యాయి అత్తయ్యా?"

"చెరిపేశాను. ఒక్క గీత మిగిలిందేమో చూడు. కొత్తవాటిలా లేవూ?"

కోడలు కుర్చీలో కూలబడిపోయింది.  కొడుకు వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, అలవాటు చొప్పున పేపరు కోసం వెతికి, ఈసారి ఎందుకో దాన్ని తీసుకోకుండా నిలబడిపోయాడు.

"నా పనే అవి," అంది కోడలు చివరికి. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఈ బొమ్మ చూడండి. రాజు మెట్ల మీద నిలబడి, ఇకమీదట ఎవరూ ప్రశ్నలు అడగకూడదని ఆజ్ఞ చదువుతున్నాడు. కింద జనం. జనం తల మీద ఇంత పెద్ద మాటల బుడగ. అందులో ఒక్క అక్షరం లేదు. బొమ్మ వేసినాయన భయపడ్డాడో, అచ్చులో ఎవరైనా తీసేశారో, మరిచిపోయారో ఎవరికీ తెలియదు. ఖాళీ బుడగతోనే సంచిక బయటికొచ్చింది. ఇంటింటా పిల్లలు పెన్సిళ్లు తీసుకుని అందులో రాశారు. జనం ఏమన్నారో వాళ్లే రాశారు. ఒకరికొకరు తెలియని పిల్లలు, ఎవరూ చెప్పకుండా. ఒకడు ఆకలేస్తోంది అని రాశాడు. ఒకడు, మాకు వినపడలేదు మళ్లీ చెప్పండి అని. ఒక పిల్ల, మీరే కిందికి దిగండి అని. ఇంకో చిన్నవాడెవడో తిరగబడ్డ అక్షరాలతో ఒకే ఒక్క మాట. ఎందుకు అని. ఎన్నో ఏళ్లు తిరిగి పోగుచేశాను. సోమవారం ఫొటోలు తీయడానికి మనిషి వస్తున్నాడు."

"నువ్వు రాసిపెట్టుకోలేదా?" అన్నాడు కొడుకు.

"రాసిపెట్టుకుంటే అది నా మాట. ఎవరు నమ్ముతారు? ఆ పిల్లల చేతిరాత సాక్ష్యం. ఇప్పుడవి ఖాళీ బుడగలు."

రబ్బరమ్మకి తప్పు తనదేనని తెలుస్తూనే ఉంది, అయినా నోరు మరోదారి పట్టింది. "నాకు ఒక్కసారైనా చెప్పావా ఇదంతా? ఒకే కప్పు కింద ఉంటున్నాం. చెప్పి ఉంటే ముట్టుకునేదాన్నా?"

"మీరు ఒక్కసారైనా అడిగారా అత్తయ్యా?"

 కోడలు లేచి, ప్రతులన్నీ పెట్టెలో సర్దుకుని, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తలుపు గట్టిగా వేసినా బాగుండేది. మెల్లిగా వేసింది. అదే రబ్బరమ్మని ఎక్కువ కోసింది.

తర్వాతి రోజుల్లో ఆ ఇంట్లో గడియారం చప్పుడు కూడా పెద్దగా వినిపించింది. రబ్బరమ్మ చెల్లెలి ఇంటికి వెళ్లిపోతానని రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది. కొడుకు బతిమాలి ఆపాడు. కోడలు గదిలో ఏం చేస్తోందో తెలియదు. ఓ సాయంత్రం బయటికి వచ్చి, కరెంటు పోతే వాడే టార్చిలైటు, ఆ చేతిదీపం కావాలని మొగుడిని అడిగి తీసుకుంది. మర్నాడు పొద్దున కిటికీ తెరలన్నీ మూసేసింది. భోజనానికి పిలిస్తే తరవాత తింటానంది. కొడుకు తొంగిచూసి వచ్చి, ఆ చీకట్లో కూర్చుని ఏదో వెతుకుతోందమ్మా అన్నాడు. ఉన్న మతి కూడా పోగొట్టానా అని రబ్బరమ్మ బెంగపెట్టుకుంది.

ఉపన్యాసం రోజు మధ్యాహ్నం కోడలు వచ్చి ఆవిడ మంచం దగ్గర నిలబడింది. కళ్లు లోతుకుపోయాయి గాని, వాటిలో ఇదివరకు లేని వెలుగేదో ఉంది.

"తయారవండి అత్తయ్యా. మీరు రావాలి."

అందరి ముందూ దోషిలా నిలబెట్టడానికే పిలుస్తోందని రబ్బరమ్మ అనుకుంది. నిలబెట్టనీ, అంతకి తగ్గ పనే చేశాను అనుకుని, లేచి తలదువ్వుకుంది.

పెద్ద హాలు. రబ్బరమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని వెనక బెంచీలో ఓ మూల ఒదిగి కూర్చుంది. మొదటి వరసలో శాఖాధిపతి చేతులు కట్టుకుని, కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. వేదిక మీద ఓ బల్ల, దాని మీద పుస్తకం పేజీని గోడమీది తెరకి ఎక్కించే కెమెరా. కోడలు బల్ల వెనక నిలబడింది. ఇంట్లో కూర అయిపోయిందని చెప్పేటప్పుడు ఎంత మామూలుగా ఉంటుందో అంత మామూలుగా మొదలుపెట్టింది.

ప్రభుత్వం అంటే ఏమిటో మనకి మొదట చెప్పింది ఎవరు అని అడిగింది. పాఠ్యపుస్తకం కాదు. అంతకు చాలాముందే ఎవరో ఓ బొమ్మలో రాజుని మెట్ల మీద నిలబెట్టి, జనాన్ని కింద నిలబెట్టి చూపించారు. తెర మీద పేజీలు ఒక్కొక్కటే కదిలాయి. చూడండి అంది. ముందు వరసలో ముగ్గురికే మొహాలున్నాయి, వెనకవాళ్లకి తలకాయల బదులు ఉత్త సున్నాలు. చూడండి, సేనాపతి మామూలు మనిషే, కానీ కోపం వచ్చిన బొమ్మ గడిలో తలుపు కన్నా పొడుగైపోయాడు. ఈ రెండు గడుల మధ్య సన్నటి తెల్ల సందు చూడండి. మొదటి గడిలో రాజు ఆజ్ఞ, రెండో గడిలో వీధి నిర్మానుష్యం. ఈ మధ్యలో ఏం జరిగిందో ఎవరూ గీయలేదు. చదివే పిల్లవాడు తనే ఊహించుకుని భయపడ్డాడు. రాజ్యం చేసే పనుల్లో చాలావరకు ఈ సందులోనే జరుగుతాయి అంది.

రబ్బరమ్మ నోరు తెరుచుకుని వింటోంది. ఈ పేజీలన్నీ ఆవిడ చేతులమీదుగా వెళ్లినవే. ఎన్నిసార్లు తిప్పిందో లెక్కే లేదు. ఆ సున్నాలు ఎప్పుడూ చూడలేదు, ఆ సందు ఎప్పుడూ చూడలేదు. మరకలున్నాయా లేవా అనే చూసింది. తన ఇంట్లో, తన బల్ల దగ్గర, తన పక్కనే కూర్చుని అన్నం తినే మనిషి ఇంత చూడగలదని ఆవిడకి తెలియలేదు.  పక్కనున్న కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తర్వాత ఖాళీ బుడగ తెరమీదికి వచ్చింది. కోడలు దాని కథ చెప్పింది. పిల్లలు అందులో రాసిన సంగతీ చెప్పింది. ఆపైన, "ఈమధ్య దాకా ఈ బుడగలు నిండుగా ఉండేవి. ఇప్పుడు చెరిగిపోయాయి. ఎలా చెరిగాయన్నది మా ఇంటి సంగతి," అంది.

హాల్లో గుసగుసలు బయల్దేరాయి. శాఖాధిపతి నవ్వు ఆపుకోలేదు. "అయితే మీరు ఖాళీని చూపించడానికే మమ్మల్ని పిలిచారన్నమాట," అన్నాడు.

"అవునండి. దీపాలు ఆర్పేయండి," అంది కోడలు.

హాలు చీకటైంది. కోడలు చేతిదీపం వెలిగించి, దాన్ని పైనుంచి కాకుండా, బల్లకి ఆనించి, కాగితానికి పక్కనుంచి చూపించింది. ఆ వెలుగు పేజీ మీద అడ్డంగా పాకింది. తెరమీద ఖాళీ బుడగలో, బట్టకి కుట్లు విప్పేశాక మిగిలే సూది గుర్తుల్లా, సన్నటి నీడలు లేచాయి. నీడలు గీతలయ్యాయి, గీతలు అక్షరాలయ్యాయి. ఎందుకు.

రంగు పోయింది గాని, కాగితంలో పెన్సిలు నొక్కిన చాలు, ఆ సన్నటి గాడి, పోలేదు. ఆ పసివాడు ఎంత గట్టిగా నొక్కి రాశాడో ఇప్పుడు పెన్సిలు ఉన్నప్పటికన్నా స్పష్టంగా తెలుస్తోంది.  కోడలు ప్రతులు మారుస్తూ పోయింది. మాకు వినపడలేదు మళ్లీ చెప్పండి. ఆకలేస్తోంది. మీరే కిందికి దిగండి. ఒక్కొక్క గొంతే చీకట్లోంచి లేచి నిలబడుతున్నట్టు ఉంది. రబ్బరమ్మ కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఇది ఆఖరిది," అంది కోడలు. "నా పనికి ఇదే మొదటిది. నేను పెళ్లి చేసుకుని అత్తింటికి వచ్చిన కొత్తలో వంటింటి అలమరలో గిన్నెల కింద పరిచిన కాగితం. ఏదో బడి గ్రంథాలయం పారేసిన పత్రిక. గిన్నె తీసి చూస్తే ఈ బుడగ, అందులో ఓ పిల్లవాడి రాత. ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. ఆ తర్వాత నవ్వు పోయింది, ఆలోచన మొదలైంది. ఇప్పటిదాకా ఆగలేదు."

దీపం పక్కకి జరిగింది. తెరమీద వంకరటింకర అక్షరాలు పైకి తేలాయి. ఏం రాసినా రబ్బరమ్మ చెరిపేస్తుంది.

హాలంతా గొల్లున నవ్వింది. రబ్బరమ్మకి ఆ పత్రిక గుర్తొచ్చింది. పారేయబోయే ఆ పత్రికల కట్ట, ఎలాగూ పోయేవేనని చెరపకుండా, తనే బడినుంచి తెచ్చింది, తనే అలమరలో పరిచింది. మొన్న తనే చెరిపింది, చదవకుండా. జనం రాజుకి చెప్పాల్సిన మాట దగ్గర ఓ పిల్లవాడు ఆవిడ పేరు రాశాడు. వాడికి రాజంటే మెట్ల మీది కిరీటం మనిషి కాదు. రబ్బరు పట్టుకుని బల్ల వెనక కూర్చున్న తనే.

"దీని అడుగున ఇంకా ఉన్నాయి," అంటోంది కోడలు.  "పెన్సిలు రాత ఉన్నన్నాళ్లూ ఇవి నాకు కనిపించలేదు. అది చెరిగాకే, చాళ్ల కోసం వెతుకుతుంటే బయటపడ్డాయి. ఈ ఒక్క బుడగలో ఎందరో పిల్లలు రాశారు. రాసినప్పుడల్లా ఎవరో చెరిపారు. చెరిపినప్పుడల్లా ఇంకో పిల్లవాడు మళ్లీ రాశాడు. ఏ చట్టసభ చరిత్రలోనూ నేను ఇలాంటిది చూడలేదు."

శాఖాధిపతి కట్టుకున్న చేతులు ఎప్పుడు విడిపోయాయో తెలియదు. ముందుకి వంగి తెరనే చూస్తున్నాడు. "ఎవరీ రబ్బరమ్మ? తెలుసుకోవడం సాధ్యమేనా?" అని అడిగాడు. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు.

కోడలు తలొంచుకుని దీపం సర్దుతోంది. ఎంతసేపు నిలదీసినా చెప్పదని రబ్బరమ్మకి అర్థమైంది. ఇన్నేళ్లూ ఆ ప్రతిని ఇంట్లోనే ఉంచుకుని, ఆ మాట తన కంటపడకుండా, తను నొచ్చుకోకుండా కాపాడుకుంటూ వచ్చింది ఆ పిల్ల. తనేమో చుట్టాల ముందు నవ్వించింది.

రబ్బరమ్మ బెంచీ పట్టుకుని లేచి నిలబడింది.

"నేనేనండి," అంది.

అందరూ వెనక్కి తిరిగారు. చీకట్లో ఎవరి మొహాలూ కనిపించలేదు గనకే ఆవిడ మాట్లాడగలిగింది. "బళ్లో చెరిపిందీ నేనే, మొన్న ఇంట్లో చెరిపిందీ నేనే. పుస్తకం శుభ్రంగా ఉండాలనే చేశాను. ఒక్కటి కూడా చదవలేదు. చదవకూడదని నియమం పెట్టుకున్నాను."  కోడలివైపు చూసింది. "అడుగున ఉన్నవి కూడా చదువమ్మాయ్. అన్నీ చదువు. వింటాను."

కోడలు ఒక చేత్తో దీపం పట్టుకుని అడుగు పొరల మీదికి వంగబోయింది గాని వెలుగు నిలవలేదు. శాఖాధిపతి లేచి వేదిక ఎక్కాడు. ఆమె చేతిలోని దీపం తీసుకుని, తనే వంగి, బల్లకి ఆనించి పట్టుకున్నాడు. అప్పుడామె చదవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క పొరనీ, తెలిసినంత మేరకి. తెలియనిచోట, ఇక్కడ ఇంకెవరో ఉన్నారు అంటూ. రబ్బరమ్మ కూర్చోలేదు. చివరి మాట దాకా నిలబడే విన్నది.

పుస్తకాలకి గది వచ్చింది. శాఖాధిపతే ముందుండి ఇప్పించాడు. వాటిని తీసుకెళ్లడానికి మనుషులు వస్తారనగా ఆ ఉదయం అత్తాకోడళ్లిద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని పెట్టెలు కడుతున్నారు. రబ్బరమ్మ ప్రతిదాన్నీ ఆపి, ఇందులో ఏముంది, ఇదెవరు వేశారు, ఈ మంత్రి ఎందుకలా పక్కకి చూస్తున్నాడు అని ఒకటే ప్రశ్నలు. కోడలు విసుక్కోకుండా చెబుతోంది. అంత ఆలస్యమైతే పని ఎప్పటికి తెములుతుందని కొడుకు గొణిగితే, నువ్వు పేపరు చదువుకో నాయనా అంది తల్లి.

చివర మిగిలిన ఓ ప్రతిని కోడలు ఆవిడ ముందుకు జరిపింది. ఏ పిల్లవాడూ రాయని ప్రతి అది. బుడగ మొదటినుంచీ ఖాళీ. పక్కన ఓ పెన్సిలు పెట్టింది.

"మీరేం రాస్తారు అత్తయ్యా?"

"నేనా? పుస్తకంలోనా?" రబ్బరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఒక్క పుస్తకంలోనూ చుక్క పెట్టలేదు. కోడలు పట్టుబట్టలేదు, లేచి వెళ్లిపోనూ లేదు. అలాగే కూర్చుంది.

రబ్బరమ్మ కళ్లజోడు నుదుటి మీంచి కళ్ల మీదికి దించుకుంది. రాజునీ, మెట్లనీ, కింద సున్నాలుగా మిగిలిపోయిన తలకాయల్నీ ఒక్కొక్కటిగా చూసింది. పెన్సిలు తీసుకుని, చాలు పడేలా గట్టిగా నొక్కి, గుండ్రటి అక్షరాలతో రాసింది.

రాయండి పిల్లలూ. ఈసారి చదువుతాను.

రాసి, అలవాటు కొద్దీ వంగి ఆ కాగితం మీద ఊదింది. పొట్టు ఏమీ లేదు.